మేత ముందా, చేప ముందా?

మా మావయ్య కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తారు. అన్నయ్య ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ కార్ప్ వేటలో పడ్డాడు. అక్కడ కార్ప్ అంటే మన బంగారుతీగే. పట్టి, తూచి, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. అక్టోబర్లో మావయ్య అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఇద్దరికీ ఒక వాదం పట్టుకుంది. గాలం వేయడానికి కొన్ని రోజుల ముందు నుంచే ఒక చోట మేత చల్లి చేపను అలవాటు చేయాలా? లేక చేప ఎక్కడుందో వెతికి అక్కడ ఒక్క ఎర వేస్తే చాలా? ఫోన్లో నన్నూ కలుపుకున్నారు. వాళ్ళ మాటలు వాదంగా పేర్చి రాస్తున్నాను. నాకు తోచింది కూడా అక్కడక్కడ చెబుతాను.

మావయ్య: మన చెరువులో సంచులు ఎలా కడతామో చిన్నప్పటి నుంచి చూశావు కదరా అల్లుడూ. వెదురు బొంగులు వరసగా పాతి, అడుగున బెజ్జాలు పెట్టిన ఎరువుల సంచిలో తవుడూ, నూనె తీయగా మిగిలిన చెక్కా కలిపి నింపి నీళ్ళలోకి దించుతాం. పొద్దున్నే పడవ కదిలిందంటే శీలావతి ఆ బొంగుల దగ్గరికి వచ్చేస్తుంది. సంచి దించీ దించకముందే బెజ్జాలకు మూతులు ఆనించి లాగుతుంటాయి, సంచి అటూ ఇటూ ఊగుతుంది. కొత్తగా వదిలిన పిల్ల కూడా కొద్ది రోజుల్లో నేర్చేసుకుంటుంది. చేపకు చోటూ తెలుసు, వేళా తెలుసు. వారం పాటు ఒకే చోట, ఒకే వేళకు మేత వేయి. తరవాత అదే మేత ముల్లుకు పెట్టు.

అన్నయ్య: అది పెంచే చెరువు మావయ్యా. చేప కిక్కిరిసి ఉంటుంది, మీరు వేసిందే దానికి తిండి. ఒకటి తింటుంటే పక్కది ఊరుకోదు. నేను వెళ్ళే సరస్సు ఒకప్పుడు కంకర తవ్విన గొయ్యి. నీళ్ళు ఎక్కువ, చేపలు తక్కువ. అడుగున నత్తలున్నాయి, ఆలిచిప్పలున్నాయి, బురదలో ఎర్రపురుగులున్నాయి. తిండికి కరువు లేదు. పైగా అక్కడి పెద్ద చేప ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు ఎవరి గాలానికో పడి బయటపడిందే. ఒకే చోట కుప్పగా తిండి కనిపిస్తే దానికి ఆశ కంటే ముందు అనుమానం పుడుతుంది.

మావయ్య: అయితే ఏం చేస్తావ్?

అన్నయ్య: తెల్లారకముందే వెళ్ళి గట్టు చుట్టూ నడుస్తాను. ఎక్కడ చేప ఎగిరింది, ఎక్కడ నీళ్ళు మసకబారాయి, ఎక్కడ సన్న బుడగలు గుత్తులుగా లేస్తున్నాయి అన్నది చూస్తాను. అక్కడ చప్పుడు కాకుండా ఒక్క ఎర వేస్తాను.

మావయ్య: అడుగున ఆకులు కుళ్ళినా బుడగలు వస్తాయి.

అన్నయ్య: అవి ఉన్న చోటే వచ్చి ఆగిపోతాయి. చేప బురద తవ్వుకుంటూ పోతుంటే బుడగలు జరుగుతాయి. ఇక్కడ లేచి, కాసేపటికి రెండు గజాల అవతల మళ్ళీ లేస్తాయి.

మావయ్య: ఒప్పుకుంటాను. కానీ నువ్వు వెళ్ళేది సెలవు రోజునే. ఆ రోజు చేప ఎగరకపోతే ఇంటికి రావడమేనా?

అన్నయ్య: కొన్నిసార్లు అంతే. కానీ ఇక్కడి పాత కథలు వినండి. హెర్‌ఫర్డ్‌షైర్లో రెడ్‌మైర్ అని ఒక చిన్న మడుగు ఉంది. 1952లో రిచర్డ్ వాకర్ అక్కడ 44 పౌండ్ల కార్ప్ పట్టాడు, దాదాపు 20 కిలోలు. దాన్ని లండన్ జూకి పంపితే అక్కడ ఏళ్ళ తరబడి బతికింది. వాకర్ వాడిన ఎర బ్రెడ్. 1980లో అదే మడుగులో క్రిస్ యేట్స్ 51 పౌండ్ల 8 ఔన్సుల చేప పట్టాడు, మక్కజొన్న గింజలతో. ఇంత మామూలు ఎరలకు అంత చేపలు పడ్డాయంటే, ఎర చేప ఉన్న చోట పడింది కాబట్టే.

మావయ్య: ఆ మడుగులో అంతకు ముందు ఎవరూ గింజలు చల్లలేదా?

అన్నయ్య: చల్లారు. 1970ల్లో రాడ్ హచిన్‌సన్ అక్కడ గింజలూ చిక్కుళ్ళూ మేతగా వేసి కార్ప్ పట్టేవాడు. గింజల మేతకు పేరు తెచ్చిందే ఆయన.

మావయ్య: మరింకేం? ఆ చేపకు గింజ కొత్త కాదు. ఎవరో పెట్టిన అలవాటు మీద రెండో ఆయన గాలం వేశాడు. నువ్వు నీ వాదానికి తెచ్చిన కథ నా వాదానికి పనికొచ్చింది.

ఈ ఒక్కచోట అన్నయ్య దగ్గర గట్టి జవాబు లేదు. చాలామంది వాడే నీళ్ళలో, మనం మేత వేయకపోయినా చేప అప్పటికే ఏదో ఒక మేతకు అలవాటు పడి ఉంటుంది. ఎర ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మరవకూడదని నా నమ్మకం. అందరూ మక్కజొన్న వేసే చోట మక్కజొన్న పనిచేస్తే అందులో వింతేమీ లేదు. అదే చోట అదే గింజకు పదేపదే దెబ్బతిన్న చేప దాన్ని వదిలేసినా వింత లేదు.

మావయ్య: సరే, ఎర సంగతికి రా. నేనైతే వేరుశనగ చెక్క నానబెట్టి, తవుడూ గోధుమపిండీ కలిపి ముద్ద చేస్తాను. ఆ వాసనకు రాని చేప ఉండదు.

అన్నయ్య: వస్తాయి, కానీ అన్నీ వస్తాయి. రోచ్ అని అరచేతి పొడవు చేపలు గుంపులుగా ఉంటాయి. మెత్తటి ముద్దను అవి నిమిషాల్లో పొడిచి పొడి చేస్తాయి. ముల్లు ఖాళీగా ఉందని మనకు తెలియను కూడా తెలియదు. అందుకే ఇక్కడ బాయిలీలు వాడతారు. చేపపొడి, సోయా పిండి, రవ్వ కోడిగుడ్లతో కలిపి గట్టిగా పిసికి, 15 మిల్లీమీటర్ల ఉండలు చుట్టి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి తీస్తారు. గుడ్డు ఉడికి పైన తోలు కట్టినట్టు గట్టిపడుతుంది. చిన్న చేప పొడవలేదు. కార్ప్‌కి మాత్రం గొంతులో దంతాలుంటాయి, నత్త గుల్లలనే నలిపేస్తుంది, దీనికేం లెక్క.

మావయ్య: పొడీ రవ్వా ఏది కలపాలన్నది ఎవరు చెప్పారు?

అన్నయ్య: 1970ల్లో ఫ్రెడ్ విల్టన్ అనే ఆయన మొదలుపెట్టిన వాదం ఇది. వాసనా రంగూ పైపై సంగతులు, మేతలో మాంసకృత్తులు బాగా ఉండాలి అన్నాడు. ఒంటికి పట్టిన తిండిని చేప గుర్తుపట్టి మళ్ళీ వెతుక్కుంటుందని ఆయన నమ్మకం. దీని మీద ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉంటారు.

మావయ్య: ఒంటికి పట్టిందని తెలియాలంటే ముందు తినాలి కదరా! ఒకసారి కాదు, పది సార్లు తినాలి. ముల్లు లేకుండా తినాలి. మంచి సరుకుతో చేసిన ఎర ఒక్కటే వేసి కూర్చోవడం ఏం తెలివి? అలా అయితే బ్రెడ్ ముక్క చాలు.

అన్నయ్య: మాటలో న్యాయం ఉంది, ఆచరణలో లేదు. నేను బుధవారం, గురువారం వెళ్ళి మేత వేస్తాను. శనివారం తెల్లారేసరికి ఇంకొకాయన అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నా మేత, ఆయన చేప. క్లబ్బు సరస్సులో చోటు ఎవరి సొంతమూ కాదు.

మావయ్య: ఎవరూ కూర్చోని చోటు చూసుకో. కార్లు ఆగే దగ్గర కాకుండా, అవతలి గట్టున తుంగ పెరిగిన మూల ఉంటుంది కదా.

అన్నయ్య: ఉంది. చేప కూడా అక్కడే తిరుగుతుంది. కానీ మేత కంటే ముల్లు కట్టే తీరు ముఖ్యం మావయ్యా. కార్ప్ తినేది కొరికి కాదు. దగ్గరికి వచ్చి, మూతి ముందుకు చాచి, నీళ్ళతో సహా పీల్చుకుంటుంది. నోట్లో తేడా తగిలితే వెంటనే ఊదేస్తుంది. ఎరను ముల్లుకే గుచ్చితే ముల్లు కొన ఎరలో దాగి ఉంటుంది, ఊదినప్పుడు అన్నీ కలిసి బయటికి వచ్చేస్తాయి. 1980 ప్రాంతంలో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ దీనికి ఉపాయం కనిపెట్టారు. ఎరను ముల్లుకు గుచ్చకుండా, ముల్లు కింద చిన్న దారానికి వేలాడదీశారు. మొదట వాడింది మనిషి తలవెంట్రుకే, అందుకే దాన్ని హెయిర్ రిగ్ అంటారు. చేప ఉండను పీల్చినప్పుడు ఖాళీ ముల్లు దాని వెంట లోపలికి పోతుంది. ఊదేటప్పుడు ఉండ ముందు బయటికి వస్తుంది, ముల్లు కొన కింది పెదవిలో దిగుతుంది. బెదిరి పరిగెడితే గాలం తాడుకు కట్టిన సీసం గుండు బరువుకు ఇంకా లోతుగా దిగుతుంది.

మావయ్య: ఇది బాగుంది. నిజంగా బాగుంది. కానీ పీల్చిన చేపకు కదా ఈ విద్య? పీల్చేలా చేసేది మేత.

అన్నయ్య: ఆ మేత ఎంత? మీ లెక్కలో బస్తాలు. ఇక్కడ ఇప్పుడు నీళ్ళు 12 డిగ్రీలకు వచ్చాయి, రోజు రోజుకూ ఇంకా చల్లబడతాయి. కార్ప్‌కి మనలా జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే కొంచెం కొంచెంగా మాటిమాటికీ తింటుంది. చల్లనీళ్ళలో పేగు నడక మందగిస్తుంది, 10 డిగ్రీల కిందికి పోతే తిండి బాగా తగ్గిపోతుంది. జులైలో కిలో వేస్తే చెల్లిపోయే చోట ఇప్పుడు పిడికెడు వేసినా మిగిలిపోతుంది.

మావయ్య: ఇది నాకు చెప్పాలా? మబ్బు పట్టిన రోజు, ఆక్సిజన్ పడిపోయి తెల్లవారుజామున చేప పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే, ఆ పూట సంచే కట్టం. డిసెంబర్, జనవరిలో మేత తగ్గిస్తాం. కట్టిన రెండు మూడు గంటలకు సంచి ఎత్తి చూస్తాం. ఖాళీ అయితే సరే, మిగిలితే మర్నాడు తగ్గించాల్సిందే. తినని మేత నీళ్ళలో ఉంటే విషం. కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది, ఉన్న ఆక్సిజన్ తినేస్తుంది. బస్తాలు పోయమని నేనెప్పుడన్నాను?

అన్నయ్య: మీకు ఎత్తి చూడటానికి సంచి ఉంది. నాకేముంది? మేత వేసి ఇంటికి వస్తాను. దాన్ని కార్ప్ తిన్నదా, బ్రీమ్ అనే వేరే చేపల గుంపు వచ్చి ఊడ్చేసిందా, మునిగే బాతులు ఏరుకున్నాయా, అలాగే ఉండి బూజు పట్టిందా? ఎలా తెలుస్తుంది? ఎవరు తిన్నారో తెలియకుండా రోజూ వేస్తూ పోతే, అది చేపను అలవాటు చేయడం అవుతుందా, గుడ్డిగా డబ్బు నీళ్ళలో పోయడం అవుతుందా?

వాదం మొత్తంలో అసలు ముడి ఇదే. ముందుగా మేత వేయడం గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఎన్ని రోజులు, ఎన్ని కిలోలు అనే దగ్గరే ఆగిపోతారు. వేసింది ఏమైందన్న ప్రశ్న దాకా రారు. చేపల రైతుకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. అందుకే దీనికి దారి మావయ్యే చూపించారు.

మావయ్య: కంటికి కనపడే చోట వేయి. నడిమధ్య కాదు, గట్టు పక్కనే, నడుం లోతులో. రాత్రిపూట పెద్ద చేప గట్టు వారకు రాదా?

అన్నయ్య: వస్తుంది. మనుషుల అలికిడి లేకపోతే గట్టు అంచునే మేస్తుంది.

మావయ్య: అయితే సాయంత్రం రెండు పిడికెళ్ళు వేసి, పొద్దున్నే వెళ్ళి చూడు. ఉందా లేదా? పోతే ఎలా పోయింది? బాతు తింటే ఈకా రెట్టా కనిపిస్తాయి. చేప తింటే అడుగు తవ్వినట్టు ఉంటుంది.

అన్నయ్య: అది నిజమే. నాలుగు రోజులు మేసిన చోట నాచూ బురదా పోయి అడుగు తేటపడుతుంది. నీటి మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుంటే కనిపిస్తుంది. లోతైన చోట కూడా సీసం గుండు వేసి మెల్లగా లాగితే చేతికి తెలుస్తుంది. నాచు ఉంటే మెత్తగా పట్టేసుకుంటుంది, తేటపడిన చోట టక్కున తగులుతుంది.

మావయ్య: మరి సంచి లేదంటావేంరా? అదే నీ సంచి.

అన్నయ్య: సరే, చూడగలిగిన చోట ఒప్పుకుంటాను. కానీ గింజలు వేస్తే మాత్రం ఉడకబెట్టే వేయాలి. ఎండు గింజ చేప కడుపులో ఉబ్బితే ప్రాణం మీదికి వస్తుంది. టైగర్ నట్స్ అనే తుంగ జాతి చిన్న దుంపలైతే ఒక రోజంతా నానబెట్టి, అరగంట ఉడికించాలి. చాలా క్లబ్బుల్లో అసలు నట్సే నిషేధం.

మావయ్య: ఆ విషయంలో నీతో పేచీ లేదు. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, చేప కాలేయం పాడవుతుంది. వాసన తేడా వస్తే నేను బస్తా బస్తానే వెనక్కి పంపిస్తాను. వదిలేసే చేప అని పాత సరుకు వేస్తే అది పాపం. నిజానికి మనం తినే చేప కంటే దానికే శుభ్రంగా పెట్టాలి, రేపు మళ్ళీ బతకాల్సింది అది.

అన్నయ్య: అయితే నా షరతు ఒకటే. చేప తిరుగుతున్న జాడ కనిపించిన చోటే మేత. జాడ లేని చోట అలవాటు చేస్తానంటే నేను రాను.

మావయ్య: నా షరతూ ఒకటే. అడుగు తేటపడేదాకా ముల్లు నీళ్ళలో పడకూడదు. మొదటి రోజే ముల్లు తగిలితే ఇక ఆ చోటు చచ్చినట్టే.

అన్నయ్య: శనివారానికి తేటపడకపోతే?

మావయ్య: అక్కడ చేప తినలేదని అర్థం. గట్టు చుట్టూ నడిచి నీ పద్ధతిలో వెతుక్కో. పోయింది రెండు పిడికెళ్ళే.

అన్నయ్య: ఆ రెండు పిడికెళ్ళు కూడా తినని చోట ఎందుకు వేయాలనే నేను మొదటి నుంచీ అడుగుతున్నది. రేపు పొద్దున మీరూ రండి, ముందు చేపను చూద్దాం. మేత డబ్బా కార్లోనే ఉంటుంది.

మావయ్య: వస్తాను. డబ్బా మాత్రం నా చేతిలో ఉంటుంది.