ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ

మే నెల వచ్చిందంటే చాలు, మా వీధి చివర కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు మొలుస్తాయి. వరుసగా పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఫోటోల కింద ర్యాంకులు, ర్యాంకుల కింద ఎర్రటి అక్షరాల్లో ‘ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ’. ఎల్‌కేజీ బడి నుంచి నీట్ కోచింగ్ దాకా ఈ మాట లేని ఫ్లెక్సీని నేనింతవరకు చూడలేదు. అయినా సరే, మన బడుల్లో అందరికీ ఒకే పాఠాన్ని ఒకే తీరులో రుద్దుతారని, ఎవరికి తగ్గట్టు వాళ్లకు చెప్పరని కొందరు మేధావులు వాపోతుంటారు. ఆ అపవాదును ఖండించడానికే ఈ వ్యాసం.

అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త 1984లో ఒక లెక్క బయటపెట్టాడు. ఒక్క పిల్లాడికి ఒక్క టీచరును పెట్టి చెప్పిస్తే, ఓ మోస్తరుగా చదివేవాడు కూడా మామూలు క్లాసులో కూర్చున్న 98 శాతం మందిని దాటిపోతాడట. అంతమంది టీచర్లను ఎక్కడి నుంచి తెస్తాం? క్లాసు మొత్తానికి చెబుతూనే అంత ఫలితం రాబట్టే ఉపాయం ఏదైనా ఉందా అని ఆయన చాలా మథనపడ్డాడు. పాపం, ఆయనకు ఫ్లెక్సీ ప్రింటింగ్ సంగతి తెలియదు.

మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ చదివింది ఇలాంటి ఫ్లెక్సీ ఉన్న కాలేజీలోనే. చేరిన వారానికే పరీక్ష పెట్టి, నాలుగు వందల మందిని మార్కుల వరుసన నిలబెట్టి, ఎనిమిది సెక్షన్లుగా కోశారు. మొదటి సెక్షన్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఏసీ గది. మార్కులు తగ్గిన కొద్దీ అంతస్తు పెరుగుతుంది. ఆఖరిది ఐదో అంతస్తు మీద రేకుల షెడ్డు. దానికీ ఏదో గొప్ప పేరే పెట్టారు కానీ వాచ్‌మన్‌తో సహా అందరూ ‘డల్ బ్యాచ్’ అనే పిలుస్తారు. ఇరవై ఏళ్ల అనుభవమున్న లెక్కల సార్ ఏసీ గదికి వెళ్తాడు. అక్కడి పిల్లలకు ఆయన చెప్పకముందే సగం వచ్చు కాబట్టి ఆయన శ్రమ వృథా పోదు. మొన్న జూన్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి వచ్చిన కుర్రాడిని రేకుల షెడ్డుకు పంపిస్తారు. వాళ్లకు లెక్కలు రావు, అతనికి చెప్పడం రాదు, కలిసి నేర్చుకుంటారు. అవసరానికి తగ్గ బోధన అంటే ఇంకెలా ఉంటుంది?

ఆదివారం పరీక్ష, సోమవారం పొద్దున నోటీసు బోర్డు. మావాడు రెండేళ్లలో పదకొండుసార్లు సెక్షన్ మారాడు. అంటే పదకొండుసార్లు పుస్తకాల సంచీ భుజానేసుకుని మెట్లు ఎక్కడమో దిగడమో చేశాడు. సెకండియర్‌లో వాడు పై అంతస్తుకు వెళ్లేసరికి అక్కడ పారాబోలా ఇంకా మొదలుపెట్టలేదు. మళ్లీ కిందికి వచ్చేసరికి ఇక్కడ అయిపోయింది. ఈ రోజుకీ వాడు పారాబోలా పాఠం వినలేదు. మోకాళ్లు మాత్రం గట్టిపడ్డాయి.

వ్యక్తిగత శ్రద్ధను కళ్లారా చూసే భాగ్యం నాకూ ఒకసారి దక్కింది. బావగారికి సెలవు దొరక్క పేరెంట్స్ మీటింగ్‌కు నన్ను పంపారు. గంటన్నర క్యూ. ఎదురుగా కూర్చున్న సెక్షన్ ఇన్‌ఛార్జి ముందు పసుపు రంగు గీతలు కొట్టిన మార్కుల షీట్లు. నేను హాల్‌టికెట్ నంబరు చెప్పగానే ఒక షీటు లాగి, వేలితో గీత వెంట నడిచి, తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

“బాబుకు కాన్సెప్ట్ ఉంది సార్. సిల్లీ మిస్టేక్స్ ఎక్కువ. ఫిజిక్స్‌లో స్పీడ్ పెంచాలి. ఫోన్ తగ్గించాలి.”

“హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కదండీ?”

“ఇంటికొచ్చినప్పుడు సార్.”

ఐదు నిమిషాలు శ్రద్ధగా విన్నాను. చివర్లో, “బయాలజీ మాత్రం బాగా ఇంప్రూవ్ అయ్యాడు” అన్నాడు. మావాడిది ఎంపీసీ అని గుర్తుచేశాను. ఆయన షీటు తిప్పి చూసి, “సారీ సార్, ఇది వేరే బాబుది” అని అసలు షీటు తీశాడు. మళ్లీ గీత వెంట వేలు నడిచింది. “కాన్సెప్ట్ ఉంది సార్. సిల్లీ మిస్టేక్స్ ఎక్కువ.” నా వెనక నిలబడ్డ ఆమె కూతురికి కూడా కాన్సెప్ట్ ఉందని మెట్లు దిగుతుండగా వినపడింది. ఒకే మందు నాలుగు వందల మందికీ సరిపడేలా కనిపెట్టడం సామాన్యమైన విషయం కాదు.

చట్టాలు మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఆలోచిస్తున్నాయి. వైకల్యాలను 1995 చట్టం ఏడు రకాలుగా చెబితే, 2016 చట్టం దాన్ని 21కి పెంచింది. అక్షరాలు తారుమారయ్యే పిల్లల ఇబ్బంది కూడా అందులో ఉంది. మన స్టాఫ్ రూముల్లో మాత్రం రెండే రకాలు, బ్రైట్, డల్. చికిత్స ఇంపోజిషన్. స్పెల్లింగ్ తప్పితే పదిసార్లు, మళ్లీ తప్పితే యాభైసార్లు. ‘బ’కూ ‘భ’కూ తేడా పట్టుకోలేని పిల్ల అదే తప్పును యాభైసార్లు అందంగా రాసుకొస్తుంది. చేతిరాత మెరుగుపడిందని ప్రోగ్రెస్ కార్డులో రాస్తారు.

ఇక సర్కారు బడులు. అక్కడ ఫ్లెక్సీలు లేవు, పథకాలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలోనే బ్రిటన్ వాళ్ల సాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి నడిచింది. ‘ఏపీపెప్’ అంటే పాత టీచర్లు ఇప్పటికీ గుర్తుపడతారు. దాని ఆరు సూత్రాల్లో ఒకటి పిల్లల వ్యక్తిగత భేదాలను గమనించి చెప్పడం. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు టీచర్లయి, అదే సూత్రాన్ని కొత్త పేరుతో శిక్షణ తరగతుల్లో నోట్సు రాసుకుంటున్నారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు ఒకే గదిలో నాలుగైదు తరగతులున్న పల్లె బడుల కోసం కార్డులు తయారుచేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ, ఏ పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కడి కార్డు తీసుకుని తన వేగంతో ముందుకు పోతుంది. తమిళనాడు వాళ్లు వచ్చి చూసి, చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, రాష్ట్రమంతా పెట్టుకున్నారు. మనవాళ్లూ అక్కడక్కడా వాడారు. కానీ పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. పైగా ఆ నిచ్చెనకు ర్యాంకులు లేవు.

మా చెల్లెలు నల్లగొండ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల టీచరు. ముప్పై నలుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లు. అరవై మంది దాకా ఇద్దరు చాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది కాబట్టి, లెక్క ప్రకారం ఆ బడి భేషుగ్గా ఉన్నట్టే. తరగతులు ఐదున్నాయన్నది వేరే సంగతి. 2022లో ‘తొలిమెట్టు’ అనే సర్కారు కార్యక్రమం వచ్చింది. పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు వచ్చేలా చూడాలి, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో తెలుసుకుని అక్కడి నుంచి చెప్పాలి. ఉద్దేశం మంచిదే, నేను వెక్కిరించను. శిక్షణ గురించి మాత్రం చెల్లెలు చెప్పింది రాయకుండా ఉండలేను. పిల్లలు చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని మూడు రకాలుగా ఉంటారని, ఎవరికి తగ్గ తీరులో వాళ్లకు చెప్పాలని రిసోర్స్ పర్సన్ రెండు గంటలు బోధించాడట. అలా విడదీసి చెబితే లాభమని చూపే సరైన ఆధారాలు లేవని అమెరికాలో నలుగురు మనస్తత్వవేత్తలు 2008లోనే తేల్చారు. ఆ కబురు ఇంకా మండలానికి చేరలేదు. ప్రొజెక్టర్ పనిచేయక పోవడంతో యాభై మంది టీచర్లూ ఆ రోజు విని నేర్చుకునే రకంగా మారిపోయారు.

ఆ బడిలో నాలుగో తరగతి పిల్లాడొకడు. వాళ్లమ్మకు ఊరి సెంటర్లో మిర్చి బండి. తీసివేతలో ఎప్పుడూ సి గ్రూపే. ఒకరోజు యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసేయమంటే ఇరవై ఆరు అని రాశాడు. కొట్టేసి, తప్పు అని రాసి, పక్క పలక తీసుకుంటే ఒక్క నిమిషంలో అయిపోయేది. చెల్లెలు ఎందుకో అడిగింది, “ఎట్లొచ్చిందిరా ఇరవై ఆరు?”

“రెండుల ఎనిమిది పోదు గద టీచర్. అందుకే ఎనిమిదిలకెళ్లి రెండు తీసిన.”

“మరి నీ దగ్గర యాభై రెండు రూపాయలున్నయి. ముప్పై ఎనిమిది రూపాయల మిర్చీలు కొన్నవ్. ఎన్ని మిగులుతయ్?”

“పద్నాలుగు.” ఆలోచించలేదు కూడా.

వాడికి లెక్క వచ్చు, కాగితం మీది లెక్క వేరే ఏదో అనుకుంటున్నాడు. చెల్లెలు చీపురుపుల్లలు తెచ్చింది. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఎనిమిది ఇమ్మంటే వాడు కాసేపు ఆ రెండు పుల్లల్నీ చూసి, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తానే ఊడదీశాడు. పక్కింటి నుంచి అప్పు తేవడమంటే ఏమిటో అప్పటికి తెలిసింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో మూడో తరగతిలో ఇద్దరు జుట్లు పట్టుకున్నారు, హాజరు యాప్ రెండుసార్లు ఎర్రర్ చూపించింది, వంటావిడ గుడ్లు తక్కువొచ్చాయని వచ్చి నిలబడింది. సాయంత్రం నింపాల్సిన ఫార్మాట్‌లో ‘ప్రత్యేక చర్య తీసుకున్నారా? అవును / లేదు’ అని ఉంది. చీపురుపుల్లలకు గడి లేదు. చెల్లెలు ‘అవును’ అని రాసింది. ఏ చర్యా తీసుకోని పక్కూరి టీచరు కూడా ‘అవును’ అనే రాశాడు. ఇద్దరివీ కలిపి మండలంలో నూరు శాతం.

ఏడాది చివరికి వాడు భాగహారాలు చేస్తున్నాడు. బండి దగ్గర బాకీల పుస్తకం వాడే రాస్తున్నాడని వాళ్లమ్మ మురిసిపోయింది. జూన్‌లో బడి తెరిచారు. రెండోరోజు ఆమె మా చెల్లెలి దగ్గరికి వచ్చి చెంగు నలుపుకుంటూ నిలబడింది. పక్కన వాడు. మెడలో టై.

“మీరు మంచిగనే చెప్పిన్రు టీచర్, నేను కాదన. పోరడు తెలివికొచ్చిండు, ఇంక ఈడనే ఉంటే ఖరాబైతడని టౌన్ల వేసిన. ఆడ ఒక్కొక్కల మీద సపరేట్ జూస్తరంట. బోర్డు మీద రాసిన్రు.”

సెక్షన్‌కు ఎంతమంది అని చెల్లెలు అడగబోయి ఊరుకుంది. బయట పసుపు రంగు స్కూలు బస్సు హారన్ కొట్టింది. చెల్లెలు రిజిస్టర్ తీసి ముప్పై నాలుగును ముప్పై మూడు చేసి, బీరువాలోంచి చీపురుపుల్లల కట్ట ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టింది.