"చదవడమే రాని పిల్లలకు ఆలోచన ప్రశ్నలెందుకు?" అనే మెసేజ్‌కు నా జవాబు

పోయిన నెల కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసేది) జరిగిన రోజు సాయంత్రం మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి ఒక పొడుగాటి మెసేజ్ వచ్చింది. తెల్లారేసరికి నేనున్న ఐదు గ్రూపుల్లో నాలుగింటిలో అదే. తిరుపతిలో ప్రైవేటు స్కూల్లో పనిచేసే మా వదిన కూడా "చూశావా, మన బాధంతా రాసేశారు" అని పంపింది. రాసిందెవరో తెలియదు. కింద "ఒక సీనియర్ ఉపాధ్యాయుడు" అని మాత్రం ఉంది.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. ఆలోచించే శక్తి పుట్టుకతో రావాల్సిందే, టీచరుకు ట్రైనింగ్ ఇస్తే పిల్లోడికి రాదు. చదవడం, రాయడం రాని పిల్లలను "ఎందుకు, ఎలా" అని అడగడం దండగ, ముందు బట్టీ పట్టించాలి. ఆలోచన ప్రశ్నలతో కూర్చుంటే సిలబస్ అవదు. పరీక్షలో అడిగేది జ్ఞాపకాన్నే, కాబట్టి మార్కులు పోతాయి. మన సంప్రదాయం కూడా వల్లె వేయించడమే. అందువల్ల ఉన్నత స్థాయి ఆలోచన నైపుణ్యాల పేరుతో మనకిచ్చే శిక్షణలన్నీ టీఏ, డీఏల ఖర్చు తప్ప మరేం కాదు.

నేను చిత్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మెసేజ్‌లో ఒకచోట నిజం ఉంది, అక్కడికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. వరుస తప్పించి, గ్రూపుల్లో అందరూ దండాల బొమ్మలు పెట్టిన మాటతోనే మొదలుపెడతాను.

చదవడం రాని పిల్లలకు ఆలోచన ప్రశ్నలు దండగ అన్న మాట. ఇందులో కష్టమైన ప్రశ్నకూ, ఆలోచన ప్రశ్నకూ తేడా చూడకపోవడం అనే పొరపాటు ఉంది. మన స్వర్ణముఖి నది పొడవు ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే అది కష్టమైన ప్రశ్నే. కానీ అందులో ఆలోచించడానికి ఏమీ లేదు, తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో నీళ్లెందుకు కనిపించవు అని అడగండి, ఆ ఒడ్డున మేకలు తోలుకుపోయే పిల్లోడు కూడా ఏదో ఒకటి చెప్తాడు. చెప్పింది తప్పైనా సరే, అక్కడినుంచి పాఠం కదులుతుంది.

2025 మామిడి సీజన్ మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. తోతాపురి కాయ కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇవ్వాలన్నారు. ఎనిమిదో తరగతిలో నేను మొదట మామూలు లెక్కే ఇచ్చాను: మూడు టన్నులకు ఎంతొస్తుంది? ముందు బెంచీలవాళ్లు 36,000 అని అరిచేశారు, అయిపోయింది. తర్వాత ఇంకోటి అడిగాను: కాయ కోయాలా, చెట్టుకే వదిలేయాలా, అది తేల్చుకోవడానికి మీకు ఏమేం తెలియాలి? అప్పుడు వెనకనుంచి ఒక పిల్లోడు లేచాడు. భాగహారం ఇప్పటికీ తడబడతాడు, తెలుగు పేరా ఒకటి చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. "సార్, ఫ్యాక్టరీ కాడ ట్రాక్టరు రెండు దినాలు నిలబడిపోతే కాయ బరువు తగ్గిపోతాది కదా. ఆ తగ్గినదానికి ఎవురు కట్టిస్తారు? బాడుగ ఎవురిస్తారు?" అన్నాడు. కోత కూలీ, బాడుగ, తరుగు, ర్యాంపులో (కాయ కొనే మండీలో) రేటుకూ ఫ్యాక్టరీ రేటుకూ తేడా, అన్నీ బోర్డు మీదికి వచ్చాయి. శాతాల పాఠం ఆ రోజు ఆ తరుగు మీదే చెప్పాను. తరుగు శాతం కట్టాలంటే భాగహారం కావాలి కాబట్టి ఆ పిల్లోడు దానికోసమే కుస్తీ పట్టాడు. బట్టీ ముందు, ఆలోచన తర్వాత అని చెప్పే వరుస అక్కడ తిరగబడింది.

ఇది నా ఒక్క క్లాసు అనుభవం, దీన్ని రుజువుగా చూపించను. ఇజ్రాయెల్‌కు చెందిన అనాత్ జోహార్, యెహుదిత్ డోరి 2003లో ఇదే ప్రశ్న మీద నాలుగు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి ప్రచురించారు. ఆలోచన పాఠాల వల్ల బాగా చదివే పిల్లలూ, వెనకబడ్డ పిల్లలూ ఇద్దరూ ముందుకు వచ్చారు. ఒక అధ్యయనంలో అయితే వెనకబడ్డవాళ్లు సాధించిన పెరుగుదలే ఎక్కువ.

జ్ఞాపకం కింద, విశ్లేషణ లాంటివి పైన ఉండేలా ఆలోచనను మెట్లుగా చూపే "బ్లూమ్ నిచ్చెన"ను కూడా మెసేజ్‌లో సాక్ష్యానికి పిలిచారు, కింది మెట్టు ఎక్కకుండా పై మెట్టు ఎక్కలేరని. 1956లో బెంజమిన్ బ్లూమ్‌తో కలిసి ఆ వర్గీకరణ తయారుచేసినవాళ్లు కాలేజీల్లో పరీక్షల పని చూసేవాళ్లు. ఏ ప్రశ్న దేన్ని పరీక్షిస్తుందో ఒకరికొకరు చెప్పుకోవడానికి పేర్లు పెట్టుకున్నారు. దసరా దాకా జ్ఞాపకం, సంక్రాంతి తర్వాత విశ్లేషణ అని పాఠాలకు టైంటేబుల్ వేయలేదు. 2001లో దాన్ని సవరించినవాళ్లూ వేయలేదు.

అయితే ఏమీ తెలియకుండా ఆలోచన పుట్టదన్నది మాత్రం నిజం. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డేనియల్ విలింగ్‌హామ్ 2007లో ఈ సంగతే గట్టిగా రాశారు: ఆలోచన అనేది విషయ జ్ఞానంతో ముడిపడి ఉంటుంది, దాన్ని విడదీసి నేర్పలేం. నేను ఈరోజుకీ ఆరో తరగతికి ఎక్కాలు అప్పజెప్పిస్తాను. ఎక్కాలు రావాలనడంలో నాకూ ఆ సారుకూ పేచీ లేదు. ఎక్కాలు వచ్చేదాకా మిగతాదంతా ఆపమనడం దగ్గరే పేచీ. అలా ఆగిన పిల్లలు పదో తరగతికొచ్చినా ఎక్కాల దగ్గరే ఉండటం మనందరం చూస్తున్నదే.

ఇంగ్లిష్ మీడియంలో పిల్లలు నోరే విప్పరు, ఇక ఆలోచనేంటి అని మెసేజ్ కింద ఒకరు కామెంట్ పెట్టారు. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్నాయి కదా. ప్రశ్న తెలుగులో అడగండి, జవాబు చిత్తూరు యాసలో వచ్చినా తీసుకోండి. ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో తర్వాత చూద్దాం.

ఇక సిలబస్ అవదనే భయం. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల టేపులు విని లెక్క కట్టారు. టీచరు ప్రశ్న అడిగాక ఆగేది దాదాపు ఒక్క సెకను. ఆలోగా జవాబు రాకపోతే ఇంకొకరిని లేపడమో, తానే చెప్పేయడమో జరుగుతోంది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా ఉండేవాళ్లు తగ్గారు, వెనకబడ్డ పిల్లలు ఎక్కువగా మాట్లాడారు. పీరియడ్‌లో 30 ప్రశ్నలు అడుగుతామనుకుందాం. ప్రశ్నకు రెండు సెకన్లు అదనంగా ఆగితే మొత్తం 60 సెకన్లు. 45 నిమిషాల్లో ఒక్క నిమిషం. సిలబస్ ఈ ఒక్క నిమిషం వల్ల ఆగిపోతోందా? ముఖం చూపించి హాజరు వేసే యాప్‌తో కుస్తీ పట్టడానికే అంతకంటే ఎక్కువ పోతోంది.

మార్కుల సంగతి రెండు ముక్కల్లో. సీబీఎస్ఈ 2023-24 నుంచి పదో తరగతి పేపర్లో సగం మార్కులు సామర్థ్యాన్ని పరీక్షించే, అంటే నేర్చుకున్నదాన్ని వాడి చూపించమనే ప్రశ్నలకే పెట్టింది. మన సర్కారు బడి పిల్లలు ఎనిమిదిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షలో ఒక భాగం మొత్తం తార్కిక శక్తి మీదే. గట్టెక్కితే ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. కూలికిపోయే ఇంట్లో ఆ డబ్బు విలువ ఎంతో చెప్పక్కర్లేదు. గైడు బట్టీ పట్టి దాన్ని గెలవలేరు.

మన సంప్రదాయం వల్లె వేయడమేనట. వేద పాఠశాలలో వల్లె వేయిస్తారు, నిజమే. ఒక్క అక్షరం చెడకుండా మంత్రాన్ని కాపాడుకోవడం అక్కడి పని. కానీ ఇదే తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయం వైపు వెళ్లి పండితులు శాస్త్రం మీద వాదించుకునే ఒక వాక్యార్థ సభలో కూర్చోండి. అవతలివాడి వాదాన్ని, అంటే పూర్వపక్షాన్ని, అతనికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే ఖండించి సిద్ధాంతం చెప్పాలి. శాస్త్రం చదివినవాళ్లకు వల్లె వేయడం మొదలు మాత్రమే.

పుట్టుకతో రావాలి, టీచరు ట్రైనింగ్ వల్ల రాదు అన్నదానికి లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన మైకేల్ షేయర్, ఫిలిప్ ఏడీల పని చూడండి. 1980ల్లో వాళ్లు 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు రెండేళ్లలో దాదాపు 30 ఆలోచన పాఠాలు సైన్స్ పీరియడ్లలో చెప్పించారు. చెప్పింది ఆ బడుల్లో ఉన్న టీచర్లే. పబ్లిక్ పరీక్షల నాటికి ఆ పిల్లలకు సైన్స్‌లోనే కాదు, లెక్కల్లో, ఇంగ్లిష్‌లో కూడా మెరుగైన గ్రేడ్లు వచ్చాయి. పిల్లల పుట్టుక మారలేదు కదా.

అంత దూరం వద్దంటే మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీకి రండి. పెద్ద ఫీజుల స్కూలు గురించి కాదు నేను చెప్పేది, చుట్టుపక్కల పల్లెల్లో ఆ సంస్థ నడిపిన చిన్న బడుల గురించి. ఒకే గదిలో అన్ని తరగతులు, ఒకే టీచరు, కార్డుల మీద ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే పద్ధతి. కర్ణాటకలోని హెచ్.డి. కోటె టీచర్లు ఇక్కడికొచ్చి చూసి వెళ్లాక అక్కడి సర్కారు బడుల్లో ఆడుతూ నేర్చుకునే నలి-కలి పద్ధతి పుట్టింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు కూడా ఇక్కడికే వచ్చి నేర్చుకున్నారు. ఇది కేవలం ఆలోచన నైపుణ్యాల కోసం పుట్టిన పద్ధతని నేననను. కానీ మామూలు సర్కారు టీచర్లు శిక్షణతో తమ క్లాసు తీరునే మార్చుకున్నారా అంటే, మార్చుకున్నారు. వాళ్లు స్లైడ్లు చూసి వెళ్లిపోలేదు. నడుస్తున్న బడిలో కూర్చుని చూశారు, తిరిగెళ్లి తమ భాషలో కార్డులు తయారుచేసుకున్నారు.

ఇప్పుడు నేను ఒప్పుకుంటానన్న నిజం. మనకిచ్చే శిక్షణలు చాలావరకు దండగే. ఒకసారి "పిల్లల్లో ప్రశ్నించే తత్వం" మీద మాకు ఒక రోజు శిక్షణ పెట్టారు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా స్లైడ్లు చదివి వినిపించారు. ఆ రోజంతా మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "అందరికీ అర్థమైంది కదా?" అయిందని సంతకాలు పెట్టి వచ్చేశాం. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ 50 గంటలూ ఇలాగే గడిస్తే మెసేజ్ రాసిన సారుదే గెలుపు.

కానీ ఆయన మనకు దొరికిన ట్రైనింగును చూసి, ట్రైనింగ్ అనేదే పనికిరాదన్నారు. కల్తీ ఎరువు వేసి పంట పోతే ఎరువే వద్దంటామా? బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980 నుంచి చెప్తూ వచ్చింది ఇదే: ఉపన్యాసంతో విషయం తెలుస్తుంది, కానీ టీచరు క్లాసులోకి అది రావాలంటే చేసి చూపించాలి, చేయించాలి, తర్వాత ఎవరో ఒకరు క్లాసుకొచ్చి పక్కన నిలబడాలి. మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో 1972లో 16 బడులతో మొదలై 2002 దాకా నడిచిన సైన్స్ కార్యక్రమంలో టీచర్లు వేసవిలో వారాల తరబడి స్వయంగా ప్రయోగాలు చేసేవాళ్లు, నెలనెలా కలిసి క్లాసులో ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పుకునేవాళ్లు. పరీక్షకు పిల్లలు పుస్తకం తీసుకెళ్లొచ్చు. పుస్తకంలో చూసి రాసేసే ప్రశ్నలు ఉండవు మరి.

మా బడిలో ఫిజిక్స్ మేడం, నేను ఒక పని మొదలుపెట్టాం. నెలకొకసారి ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక బెంచీలో కాగితం పట్టుకుని కూర్చుంటాం. మొదటిసారి ఆమె నా క్లాసు చూసి కాగితం చేతిలో పెట్టింది: 34 ప్రశ్నలు అడిగాను, 29కి ఒక్క మాట జవాబు, చెప్పింది ముందు రెండు బెంచీలే. పంతొమ్మిదేళ్ల సర్వీసులో నాకా సంగతి ఎవరూ చెప్పలేదు. మరుసటి వారం ప్రశ్న అడిగి, పళ్లు బిగపట్టి మూడు సెకన్లు ఆగాను. ఒక అమ్మాయి జాలిగా "సార్, మర్చిపోయినారా?" అంది.

ఇదంతా మా వదినకు ఫోన్లో చెప్తే ఆమె నవ్వింది. "మీకేం, సర్కారు బడి. మా క్లాసులో మూడు సెకన్లు మాట లేకపోతే, సీసీ కెమెరాలో చూసి పాఠం చెప్పట్లేదని పిలిపిస్తారు" అంది. మెసేజ్‌లో లేని అభ్యంతరం ఇది. దీనికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.