మహారాజశ్రీ యాంగిల్ గ్రైండర్ గారి సముఖానికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయం అంటే తమరూ, తమ 125 ఎంఎం కటింగ్ డిస్కూ. బండి కుశలం మాత్రం కొంచెం వివరంగా మనవి చేసుకోవలసి ఉంది.

పాత బండిని తీరిక దొరికినప్పుడల్లా ఇంట్లోనే మట్టిదారుల్లోనూ పోయే స్క్రాంబ్లర్‌గా మార్చుకుందామని ఎవరనుకున్నా, మొదటి పిలుపు తమరికే. స్పానర్లకు రాదు, కొలత టేపుకు రాదు, మల్టీమీటర్ సంగతి సరేసరి. తమరు విచ్చేసి, ఓసారి గర్జించి, నిప్పురవ్వలు చిమ్మి, పది నిమిషాల్లో వెనక ఫ్రేమును కింద పడేస్తారు. అందరూ ఫొటోలు తీసుకుంటారు. పని మొదలైందని సంబరం. మొదలైంది పని కాదు, పని పెరగడం.

పోనీ పాతకాలం నుంచీ ఇదే ఆనవాయితీ అందామంటే అదీ కాదు. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీలో సదరన్ స్కాట్ స్క్రాంబుల్ అనే ఎగుడుదిగుడు నేల మీది బైకు పోటీ జరిగింది. అలాంటి పోటీల కోసం జనం రోడ్డు బళ్లకే అక్కర్లేని బరువు విప్పేశారు, సైలెన్సర్ పైకెత్తారు, వెడల్పు హ్యాండిలూ గుబ్బల టైర్లూ వేసుకున్నారు. 1962లో హోండా సీఎల్72 ఫ్యాక్టరీ నుంచే పైకెత్తిన సైలెన్సర్లతో వచ్చింది. ఇందులో చాలా భాగం విప్పడం, బిగించడమే. బండి తోక కోస్తేనే స్క్రాంబ్లర్ అవుతుందన్న శాసనం ఎక్కడుందో తమరే సెలవియ్యాలి.

సరే, కోశారు. నేల మీద పడ్డ ఆ ముక్కను ఒకసారి తిరగేసి చూడండి. వెనక మడ్‌గార్డు, టెయిల్ లైటు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు, సీటు లాక్ అన్నీ దాని మీదే. చాలా బళ్లలో బ్యాటరీ ట్రే, బ్యాటరీకి వెళ్లే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్, ఎయిర్ ఫిల్టర్ బాక్సు కూడా ఆ చుట్టుపక్కలే కాపురం. తమరు అలంకారం అనుకుని తీసేసిన ప్రతిదీ ఏదో ఒక డ్యూటీలో ఉంది. ఆ ఉద్యోగాలు ఇప్పుడు ఎవరు చేస్తారన్నదే ఈ లేఖ సారాంశం.

ముందుగా టేపు తరఫున ఒక ఫిర్యాదు. కోసిన ఫ్రేము చివర్లను కలుపుతూ అతికే వంపు పైపు, అంటే వెనక హూప్, ఎక్కడ రావాలో కన్ను చెప్పదు, చక్రం చెబుతుంది. వేయబోయే టైరునే ముందు రిమ్ముకు ఎక్కించాలి. 4.00-18 గుబ్బల టైరు పాత రోడ్డు టైరు కన్నా ఎత్తుగానూ లావుగానూ ఉండొచ్చు. తర్వాత షాక్ అబ్జార్బర్లు రెండూ విప్పి, అవి పూర్తిగా నొక్కుకుపోతే ఎంత పొడవుంటాయో లెక్క కట్టాలి. కంటి నుంచి కంటికి, అంటే రెండు కొసల బోల్టు బెజ్జాల మధ్య, 320 ఎంఎం ఉన్న షాక్‌లో రాడ్ 80 ఎంఎం కనిపిస్తే, నలిగిన బంప్ రబ్బరుకు 10 కలిపితే 250. ఆ పొడవుకు రెండు ఇనుప పట్టీలకు బెజ్జాలు వేసి షాక్‌ల స్థానంలో బిగిస్తే చక్రం ఎంత పైకొస్తుందో కళ్లకు కడుతుంది. అక్కడి నుంచి హూప్‌కు గానీ, కొత్త మడ్‌గార్డుకు గానీ 30 ఎంఎం సందు మిగలాలి. ఈ కొలత తీయకుండా తమరిని రంగంలోకి దించితే, నున్నగా రంగేసిన హూప్ అడుగున మొదటి గుంతలోనే టైరు తన సంతకం పెడుతుంది.

ఇక కోత. షాక్ పై మౌంటు దగ్గర బలానికి అతికిన రేకు ఉంటుంది. దానికి కనీసం 40 ఎంఎం వెనక కోయాలి, లేకపోతే హూప్ అతుకుకు బలంగా పైపు లోపల ముక్క దూర్చడానికి చోటుండదు. గుండ్రటి పైపు మీద అడ్డంగా వంకర లేని గీత గీయడం మనిషి చేతికి సాధ్యం కాదు. పైపుకు ఒక హోస్ క్లిప్పు బిగించి దాని అంచు వెంబడి గీస్తే గీత తిరిగి మొదలైన చోటికే వస్తుంది. తమరి డిస్కుకు దారి చూపేది ఈ చిన్న క్లిప్పే, పేరేమో తమరికి.

పైపు బయటి కొలత 22 ఎంఎం, మందం 2 అయితే లోపలి ఖాళీ 18. అంతే లావున్న 50 ఎంఎం పొడవు ముక్కను సగం ఇటు, సగం అటు దూర్చాలి. రెండు వైపులా పైపుకు 8 ఎంఎం బెజ్జాలు రెండేసి వేసి, వాటిలోంచి లోపలి ముక్కను వెల్డింగుతో పట్టాలి. పైపు అంచులు ఏటవాలుగా చెక్కి, మధ్య ఒకటిన్నర, రెండు ఎంఎం సందు వదిలి, అప్పుడు చుట్టూ వెల్డింగ్. లోపల ముక్క లేకుండా మూతికి మూతి అతికిస్తే చూడ్డానికి తేడా ఏమీ ఉండదు. కానీ విరిగేది వెల్డింగ్ కాదు. దాని పక్కనే వేడికి గుణం మారిన ఇనుము పగులుతుంది, అదీ వెనక మనిషి కూర్చున్నప్పుడు. తమరు ఆ వెల్డింగ్ గుబ్బను నున్నగా రుద్ది అందంగా చేస్తామంటారు. వద్దు. రుద్దితే అక్కడున్న బలమే పోతుంది.

వెల్డింగ్ అంటే తమ బంధువర్గమే కాబట్టి వారికీ ఓ మాట. ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. బ్యాటరీ తీయాలి, ఇంజనును నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాల, అంటే సీడీఐ, ఈసీయూల ప్లగ్గులు పీకాలి. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి. చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి లోపల మచ్చలు పెడుతుంది. పైపు తుడవడానికి బ్రేక్ క్లీనర్ అసలే వద్దు. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ ద్రావకాలుంటాయి, ఆర్క్ వెలుగు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక ముట్టించాలి.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ బాక్సు. తమరు దాని మౌంటు కోసేశారు, ఆ ఖాళీలోంచి అవతలి గోడ కనిపిస్తుంటే మురిసిపోయారు, కార్బొరేటర్ మూతికి డబ్బా అక్కర్లేని చిన్న పాడ్ ఫిల్టర్ తొడిగారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ డబ్బా గాలిని వడకట్టడంతో ఊరుకోదు, నెమ్మదిగా, నిలకడగా అందిస్తుంది. ముఖ్యంగా సీవీ రకం కార్బొరేటర్‌లో స్లైడు లేచేది గాలి ఒత్తిడిలో తేడాతోనే. గాలి కుదురుగా రాకపోతే స్లైడు తడబడుతుంది, సగం థ్రాటిల్ దగ్గర ఇంజను దగ్గుతుంది. పైగా ఎక్కువ గాలికి పెట్రోలు చాలక మిశ్రమం పల్చబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది.

దీన్ని సరిచేయడానికి తమరు పనికిరారు. పెట్రోలును కొలిచి వదిలే చిన్న ఇత్తడి జెట్లూ, ఓపికా కావాలి. థ్రాటిల్ గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు పెట్టుకోవాలి. తొలి గీత లోపల నత్తి వస్తే పైలట్ జెట్టు, దాని స్క్రూ. పావు నుంచి ముప్పావు మధ్యలో వస్తే నీడిల్. క్లిప్పును ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. ఆ పైన అయితే మెయిన్ జెట్టు, 110 నంబరు నుంచి 112.5, ఆ తర్వాత 115 అలా మెట్టు మెట్టుగా. పూర్తి థ్రాటిల్‌లో పోతూ కాస్త తగ్గించగానే బండి ముందుకు దూకితే మెయిన్ జెట్టు చిన్నదన్నమాట. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడూ మార్చి, బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు. ఇంత చేసినా వెనక మడ్‌గార్డు అడుగు పళ్లెం కూడా తమరే కోసి ఉంటే, చక్రం చిమ్మే బురద నేరుగా ఆ ఫిల్టర్ మీదికే. కాబట్టి బాక్సు ఉంచుకోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. అవతలి గోడ చూడాలనుకుంటే బండి పక్కకు జరిపి చూడొచ్చు.

బ్యాటరీ ట్రే పోయింది గనుక సీటు కింద చిన్న లిథియం బ్యాటరీ వస్తుంది. దాన్ని కొనేముందు పాత బ్యాటరీ మీదే మల్టీమీటర్ పెట్టి, ఇంజను 5,000 ఆర్‌పీఎంలో చూడాలి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే సరే. 14.6 దాటితే రెగ్యులేటర్ మార్చందే లిథియం పెట్టకూడదు. రెగ్యులేటర్‌ను సీటు కింద మూలకు తోసేస్తే గాలి తగలక అదే ముందు మాడుతుంది.

ఇక చిన్న ఎల్‌ఈడీ ఇండికేటర్లు. తమరు పీకిన పాత బల్బులు ఒక్కోటి 21 వాట్లు, ఒక వైపు రెండు కలిపి మూడున్నర ఆంపియర్లు. ఆ కరెంటు బరువును చూసే, ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ కొట్టుకునేది. ఎల్‌ఈడీలకు ఆ బరువు లేదు. అందుకని ఒక రకం ఫ్లాషర్ పిచ్చిగా కొట్టుకుంటుంది, ఇంకో రకం వెలిగి అలాగే ఉండిపోతుంది. ఎల్‌ఈడీ ఫ్లాషర్ వేస్తే అది తీరుతుంది. అప్పుడు ఇంకో వింత. ఎడమకు వేస్తే నాలుగూ వెలుగుతాయి! మీటరులో రెండు వైపులకూ కలిపి ఒకటే బల్బు ఉన్న బళ్లలో ఈ తంతు తప్పదు. ఆ బల్బు ఎడమ, కుడి వైర్ల మధ్య వంతెనలా ఉంటుంది. ఒక వైపు వెలిగినప్పుడు దాని కరెంటు అవతలి వైపు బల్బుల గుండా ఎర్తుకు పోయేది, ఆ కాస్త కరెంటుకు 21 వాట్ల బల్బు చలించేది కాదు. ఎల్‌ఈడీకి ఆ కాస్త చాలు. మందు, కరెంటును ఒక వైపుకే పోనిచ్చే రెండు 1ఎన్4007 డయోడ్లు. ఎడమ వైరుకు ఒకటి, కుడి వైరుకు ఒకటి. తెల్ల గీత ఉన్న కొసలు రెండూ కలిపి మీటరు బల్బుకు, బల్బు రెండో కాలు ఎర్తుకు. రెండు గోధుమ గింజలంత వస్తువులు, కానీ తమరి అరుపుల వల్ల ఇవి ఉన్నాయనే ఎవరికీ వినపడదు.

రంగు సంగతి క్లుప్తంగా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, కోసిన వారానికే ఫ్రేమును పౌడర్ కోటింగుకు పంపేవాళ్లున్నారు. బండి మొత్తం రంగు లేకుండానే ఒకసారి బిగించి, నడిపి, హారన్ మౌంటు, వైరు క్లిప్పులతో సహా అతకాల్సినవన్నీ అతికాకే రంగు. పంపేముందు మరలకు, స్టీరింగ్ బేరింగ్ గిన్నెల చోటుకు మూతలు వేయాలి, ఛాసిస్ నంబరు పూడిపోకుండా చూసుకోవాలి. తిరిగొచ్చాక ఎర్తింగ్ చోట్ల రంగు గీకి ఇనుము బయటపెట్టాలి. హెడ్‌లైటు వేసి, ఇంజనుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 0.2 వోల్టు దాటకూడదు. కొత్త ఫ్రేము మీద స్టార్టర్ నీరసిస్తే అందరూ బ్యాటరీని తిడతారు, పాపం.

ముందు మడ్‌గార్డును తమరు కోయబోతున్నారని తెలిసింది. కొన్ని బళ్లలో దాని ఇనుప కమానే రెండు ఫోర్కు కాళ్లనూ కలిపి పట్టి ఉంచుతుంది. అలాంటిది తీసేస్తే బదులుగా ఫోర్క్ బ్రేస్ వేయాలి. వెడల్పు హ్యాండిల్ వేశాక ఇంజను ఐడిల్‌లో ఉంచి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూడాలి. ఆర్‌పీఎం పెరిగితే కేబుల్ పొట్టిదైంది. మలుపులో బండి తనంతట తాను పరుగెత్తడం ఎవరికీ సరదా కాదు. స్ప్రాకెట్ జోలికి వెళ్లేవాళ్లకు ఒక లెక్క. ముందు 15 పళ్లది తీసి 14 వేయడమూ, వెనక 45 తీసి 48 వేయడమూ ఇంచుమించు ఒకటే. ముందుది చవక, వెనకది చైనుకు మేలు.

చివరిగా, వెనక ఎత్తు. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 1,400 ఎంఎం ఉన్న బండికి వెనక 25 ఎంఎం లేపితే బండి మొత్తం ముక్కు మీదికి సుమారు ఒక డిగ్రీ వంగుతుంది. ఫోర్కు ఆ మేరకు నిటారై, స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకు టైరు ఎంత వెనక ఆనుతుందో చెప్పే ట్రెయిల్ తగ్గుతుంది, మట్టిలో హ్యాండిల్ చంచలంగా ఉంటుంది. వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్ కోణం మారి చైను దాని మీద రాసుకుంటుంది. చైను లూజు కూడా స్టాండు మీద కాదు, ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక ఆక్సిల్ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చూడాలి. చైను అప్పుడే అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది. పొడవు షాక్‌లకు మోజుపడేవాళ్లలో ఈ కొలత తీసేవాళ్లు తక్కువ.

ఇవన్నీ చేశాక బండి పక్క స్టాండు మీద మరీ ఒరిగిపోతుంది. స్టాండును మధ్యలో కోసి, లోపల ముక్క దూర్చి, కావలసినంత పొడిగించాలి. కొలత తీసి గీత గీసి ఉంచాం, హోస్ క్లిప్పు బిగించాం. ఈ పని తమరిదే, దయచేయండి.

ఇట్లు,
తమ ప్లగ్గు పీకి చేత్తో పట్టుకున్న
విధేయులు

తా.క.: వచ్చేటప్పుడు డిస్కు మధ్యలో ఉన్న లోహపు రింగు చూసుకుని రండి. దాని మీద నెల, ఏడాది అచ్చేసి ఉంటాయి. అది గడువు తేదీ. చెమ్మ తగిలినదీ, గడువు దాటినదీ 12,000 ఆర్‌పీఎంలో ముక్కలైతే గార్డు తప్ప అడ్డేమీ ఉండదు. ఆ గార్డును అడ్డమొస్తోందని విప్పి అటక మీద పెట్టారట, దాన్ని కూడా వెంట తెచ్చుకోండి.