అసలు డిస్కు ఉన్నవాడికే పోతుంది

పదో తరగతి మార్కుల మెమో పోతే ఏం చేయాలో మన దగ్గర ప్రతి ఇంటికీ తెలుసు. పోలీస్ స్టేషన్‌లో ఒక అర్జీ, నోటరీ దగ్గర ఒక అఫిడవిట్, ఫీజు కట్టిన రసీదు, ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరగడం. ఆఖరికి డూప్లికేట్ అని ముద్ర ఉన్న కాగితం చేతికొస్తుంది. పొలం పాస్ పుస్తకం పోయినా ఏదో ఒక దారి ఉంది. కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ వేసే డిస్కు పోతే ఏం చేయాలో మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు. ఈ ఉదాసీనతను ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు.

2001 అక్టోబరులో పుట్టి, 2014 ఏప్రిల్ 8 నుంచి కన్నవాళ్లే పట్టించుకోని ఎక్స్‌పీ ఇప్పుడెందుకయ్యా అని మీరడగొచ్చు. మా నాన్నగారు రిటైరయ్యాక రాసుకున్న మూడొందల పేజీలు పాత అను తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ఆయన జీవితమంతా ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ కలిపి తిట్టినట్టు కనిపిస్తుంది. శుభలేఖలు కొట్టే కొన్ని డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఒక ఎక్స్‌పీ సిస్టమ్ మూలన ముసుగేసుకుని కూర్చుని ఉండేది ఇందుకే. మా ఇంటి సిస్టమ్ సంక్రాంతికి ప్రాణం విడిచింది. కొత్త హార్డ్ డిస్కు తెచ్చి బిగించాం. విండోస్ వేయడమే తరువాయి. డిస్కేదీ?

కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్‌కు మళ్లీ డిస్కు కావాలంటే అడగాల్సింది కంప్యూటర్ చేసినవాళ్లను, విండోస్ చేసినవాళ్లను కాదు. నియమం అది. సరే, కంప్యూటర్ చేసినవాళ్లకే ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా సీరియల్ నంబరు రాసుకుని, ఈ మోడల్‌కు మీడియా (డిస్కు అన్నమాట) లేదు సార్, కొన్న షాపులో అడగండి అంది. కొన్న షాపు ఉన్నచోట ఇప్పుడు మండీ బిర్యానీ అమ్ముతున్నారు. అయినా వెళ్లి అడిగాను. ఫుల్లా, హాఫా అన్నారు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపుల భవనం సీటీసీ మెట్లన్నీ ఎక్కి దిగాను. కంప్యూటర్‌కు సంబంధించి అక్కడ దొరకనిది లేదంటారు. ఎక్స్‌పీ ఒరిజినల్ డిస్కు అనగానే కౌంటర్ మీదున్న కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "అన్నా, సాలార్‌జంగ్ మ్యూజియానికి బస్సు కింద ఆగుతది" అన్నాడు.

సరే, డిస్కు పోతే పోయింది, నిజంగా మనం కొన్నది క్యాబినెట్‌కు అంటించిన స్టిక్కర్ మీది కీ, అంటే విండోస్ వేసేటప్పుడు కొట్టాల్సిన కోడ్ కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ కలిపి 25, అయిదేసి చొప్పున అయిదు గుంపులు. చదివేవాడు తికమకపడకూడదని సున్నా, ఒకటి, ఓ, ఐ లాంటివి అందులో రాకుండా తీసేశారు. ఎవరో పుణ్యాత్ములు. అంత పుణ్యాత్ములూ బీనీ, ఎనిమిదినీ మాత్రం రెంటినీ ఉంచేశారు. ఆ పైన మా అమ్మ ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు కంప్యూటర్‌ను తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టేది. స్టిక్కర్ ఉన్నచోటే పెట్టేది. మూడో గుంపు పూర్తిగా అమ్మవారికి సమర్పితమైపోయింది.

భూతద్దం పెట్టి ఆ గుంపును కూడా సాధించి, స్నేహితుడి దగ్గర వాళ్ల ఒరిజినల్ డిస్కు అప్పు తెచ్చాను. కీ చెల్లదంది. అప్పుడు తెలిసింది, విండోస్‌కూ గోత్రాలున్నాయని. కంప్యూటర్‌తో వచ్చిన కీకి అదే జాతి డిస్కు కావాలి, విడిగా పెట్టెలో కొన్న డిస్కు కుదరదు. హోమ్ రకం కీకి ప్రొఫెషనల్ రకం డిస్కు కుదరదు. మన పెళ్లిళ్లలో గోత్రం ఒకటైతే తప్పు, ఇక్కడ ఒకటి కాకపోతే తప్పు.

ఇదే కాలంలో మా వీధి చివర సిస్టమ్‌లు రిపేరు చేసే కుర్రాడి పౌచ్‌లో ఎక్స్‌పీ డిస్కులు పదకొండున్నాయి. మార్కర్ పెన్నుతో ఎక్స్‌పీ రకాన్ని బట్టి ఎస్పీ2 అనీ, ఎస్పీ3 సాటా అనీ రాసి ఉంటాయి. కీ కూడా దాని మీదే. బొట్టు పెట్టే వీల్లేదు. ఇరవై ఏళ్లలో ఒక్క డిస్కూ పోలేదట. ఎలా పోతుంది? పోగొట్టుకోవాలంటే ముందు కొని ఉండాలి. డిస్కు పోయిందని లబలబలాడేవాడు కచ్చితంగా డబ్బు పెట్టి కొన్నవాడే. దేశంలో నిజాయితీపరుల జాబితా ఎప్పుడైనా కావాల్సివస్తే ప్రభుత్వం ఆ ఏడుపు వినిపించిన ఇళ్ల తలుపులు తడితే సరిపోతుంది.

తర్వాత తర్వాత డిస్కులు ఇవ్వడమే మానేసి, విండోస్ కాపీని హార్డ్ డిస్కులోనే ఒక మూల దాచిపెట్టారు. హార్డ్ డిస్కు పోతే అదీ పోతుంది. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టన్నమాట. ఇప్పటి కొత్త విండోస్‌నైతే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఉచితంగా దింపుకోవచ్చు, కాకపోతే దింపుకోవడానికి బాగున్న కంప్యూటర్ ఇంకొకటి కావాలి. చుట్టాలతో గొడవలు పెట్టుకోకూడదని పెద్దలు అందుకే అన్నారు.

ఇదంతా భోజనాల దగ్గర చెబుతుంటే అమ్మ వడ్డించడం ఆపింది.

"మధ్యలో చిల్లున్న మెరిసే బిళ్లేనా? అది పోవడమేంట్రా, బొప్పాయి చెట్టుకు కట్టాను. తళతళమంటుంటే కాకులు రావని."

పరుగెత్తుకెళ్లి చూశాను. ఎండకు పేరంతా వెలిసిపోయి, పురికొసకు వేలాడుతూ తిరుగుతోంది. నా కంప్యూటర్‌కు చేసినదానికంటే ఎక్కువ ఏళ్లే అది ఆ చెట్టుకు సర్వీసు చేసింది. సబ్బునీళ్లతో కడిగి, బనీనుతో తుడిచి, డ్రైవ్‌లో పెట్టాను. గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. తెర నీలంగా మారింది. ఫైళ్ల కాపీ 17 శాతం దాకా వెళ్లింది. అక్కడే రెండు గంటలు కూర్చుంది.

సాయంత్రం అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"దాంతో నీ పని కాకపోతే ఇటియ్యరా. పొద్దున్నుంచి రెండు కాయలు పొడిచేశాయి."