ఆ ఖాళీ ట్యూబు ఇచ్చి పిల్లల్ని మందుల దుకాణానికి పంపకండి

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ చీర మార్చుకుంటుంటే అనుకోకుండా నా కంట పడింది. నడుము చుట్టూ, సరిగ్గా లంగా బొందు బిగించి కట్టే చోట, అరచెయ్యి వెడల్పున చర్మం నల్లబడి ఉంది. ఆ నలుపు మధ్యలో ఎర్రటి చారలు, గోటితో గీరినట్టు. వేలితో తాకి చూశాను. ఉల్లిపొరలా పలచగా తగిలింది.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగాను. ఏడాదిన్నర అంది. ట్యూబు రాస్తే తగ్గుతుందట, మానేస్తే పది రోజుల్లో మళ్ళీ వస్తుందట. డాక్టరుకి చూపించావా అంటే, "ఆ చోటు తీసి ఎవరికి చూపించనే?" అంది. ఆ మాట నా గుండెల్లో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ట్యూబు అయిపోయిన ప్రతిసారీ ఆ ఖాళీది పక్కింటి పిల్లవాడి చేతిలో పెట్టి, ఇలాంటిదే తెమ్మని పంపేదట. మందు పేరు చెప్పక్కర్లేదు, చీటీ అక్కర్లేదు, జబ్బు ఎక్కడో ఎవరికీ తెలియనక్కర్లేదు. అలమర పై అరలో వెతికితే పదకొండు ట్యూబులు దొరికాయి. అన్నీ తోక వైపు నుంచి చుట్టచుట్టి, చివరి చుక్క దాకా పిండినవే. వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్నది ఫోను వెలుగులో చదివాను. ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్, వాటితోపాటు క్లోబెటసాల్. ఒంటికి పూసే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతికి చెందిన మందు అది. సొరియాసిస్ లాంటి మొండి జబ్బులకు, అదీ కొద్ది వారాలు మాత్రమే, వైద్యుడి కనుసన్నల్లో వాడవలసినది. మా అమ్మ దాన్ని ఏడాదిన్నరపాటు నడుముకి రాసుకుంది.

అమ్మకున్నది తామర. అది శిలీంధ్రం, అంటే ఫంగస్ వల్ల వస్తుంది. చెమట, తడి, గాలి ఆడని బిగుతు బట్ట ఉన్నచోట పెరుగుతుంది. కోస్తా ఉక్కపోతలో పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళకు నడుము మీద, రోజంతా జీన్సు వేసుకునే కుర్రవాళ్ళకు గజ్జల్లో రావడానికి కారణం అదే. శిలీంధ్రాన్ని చంపే శక్తి స్టెరాయిడ్‌కు లేదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దానితో పోరాడుతున్నప్పుడు దురద, ఎరుపు, పొలుసులు వస్తాయి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. అందుకే రెండు రోజుల్లో దురద మాయమై, మందు అమృతంలా అనిపిస్తుంది. లోపల శిలీంధ్రం మాత్రం ఎదురు లేకుండా పాకుతూనే ఉంటుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, మచ్చ ఆనవాలు పట్టలేనట్టు మారిపోతుంది. అదే ట్యూబులో యాంటీఫంగల్ కూడా ఉంది కదా అంటారేమో. ఒకే ట్యూబులో ఒకటి చంపబోతుంటే ఇంకొకటి పెంచుతోంది. దురద తగ్గగానే మనం రాయడం మానేస్తాం కనుక ఆ చంపే పని ఏనాడూ పూర్తి కాదు.

ఒకప్పుడు కొద్ది వారాల్లో లొంగిన తామర ఇప్పుడు నెలల తరబడి మాత్రలు మింగినా లొంగడం లేదని చర్మవ్యాధి వైద్యులు మొత్తుకుంటున్నారు. టెర్బినఫైన్ అనే ముఖ్యమైన మందుకు చాలావరకు లొంగని రకం ఒకటి మన ప్రాంతంలో వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోని 'ఇండో' మన దేశమే. అమెరికాలోనూ అది ఉన్నట్టు 2023లో వెల్లడైంది. స్టెరాయిడ్ కలిపిన ఇలాంటి ట్యూబుల విచ్చలవిడి వాడకం దీనికి ఒక ముఖ్య కారణమని వైద్యులు అంటున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ ఔషధాలను నిషేధించింది. క్లోబెటసాల్ కలిపిన ట్యూబులు కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. చర్మవ్యాధి వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఈ దుర్వినియోగాన్ని ఎదుర్కోవడానికే ఒక కార్యదళాన్ని పెట్టుకుంది. ఇన్ని జరిగినా పన్నెండేళ్ళ పిల్లవాడు ఖాళీ ట్యూబు చూపిస్తే కొత్తది చేతికొస్తోంది. కూర్పులో ఒక మందు మార్చి కొత్త పేరుతో మళ్ళీ బజారులో పెట్టడాన్ని ఎవరు ఆపాలి? చీటీ ఏదని అడగని దుకాణాన్ని ఎవరు తనిఖీ చేయాలి? నా కోపం ముందు వీళ్ళ మీదే. అమ్మ మీద నాకు కోపం లేదు. ఆ చోటు చూపించడానికి సిగ్గుపడేలా పెంచింది మనమంతా కలిసే.

ముఖం సంగతి ఇంకా ఘోరం. మా బంధువుల అమ్మాయికి పెళ్ళిచూపులకు ముందు బ్యూటీ పార్లరులో ఎవరో ఒక క్రీము చెప్పారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్ కలిపినది. మంగుమచ్చలకు డాక్టర్లు కొద్ది వారాలు వాడమని రాసే మందు. ఈ పిల్ల ఎనిమిది నెలలు వాడింది. మొదట తెల్లబడింది, అందరూ మెచ్చుకున్నారు. ఆపిన వారానికి ముఖమంతా కారం పూసినట్టు మండింది. బుగ్గల మీద ఎర్రటి రక్తనాళాలు తేలాయి, గడ్డం మీద మొటిమలు, నూగు వెంట్రుకలు వచ్చాయి. ఎండలోకి వెళ్ళలేకపోయింది. స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖానికి వైద్యులు విడిగా పేరు పెట్టుకోవలసి వచ్చిందంటే ఇలాంటి పిల్లలు ఎందరున్నారో ఊహించండి. చామనఛాయ జబ్బు కాదు. దానికి మందు రాయించే పెద్దల్ని నిలదీయవలసిన బాధ్యత ఆ ఇంట్లోని ప్రతి ఒక్కరిదీ.

స్టెరాయిడ్ అంటేనే విషం అనుకోకండి, నేను ఆ మాట అనడం లేదు. ఎగ్జిమాతో రాత్రంతా గీరుకునే పసిపిల్లకు సరైన బలం ఉన్న స్టెరాయిడ్, సరైన కొలతలో, చెప్పినన్ని రోజులు రాస్తే ఆ ఇంటికి నిద్ర తిరిగొస్తుంది. భయపడి అది మానేయడం కూడా పిల్లను హింసించడమే. ఏది, ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నది వైద్యుడు తేల్చాలి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవారు నా మాట విని హఠాత్తుగా మానేయకుండా, ఆ ట్యూబు చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ముఖానికి రాస్తున్నవారైతే మరీ ముఖ్యం.

అన్ని మచ్చలూ తామర కావు కూడా. రాత్రి పూట దురద ఎక్కువై, ఇంట్లో ఒకరి తరువాత ఒకరు గీరుకుంటుంటే గజ్జి కావచ్చు. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. అది కుష్ఠు కావచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా నయం చేస్తారు.

అమ్మను పండుగ మరునాడే జిల్లా కేంద్రంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మచ్చ అంచున బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టు గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, శిలీంధ్రం ఉందేమోనని సూక్ష్మదర్శినిలో చూశారు. పెద్ద ఖర్చు కాదు. మాత్రలు, స్టెరాయిడ్ లేని పూతమందు రాశారు. మచ్చ మీదే కాక దాని చుట్టూ ఒక అంగుళం దాకా రాయాలన్నారు. దురద పోయినా చెప్పినన్నాళ్ళూ వాడి తీరాలన్నారు. తువ్వాలు ఎవరిది వారికే. బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయాలి. నాన్నకూ గజ్జల్లో ఉందని అప్పుడు బయటపడింది, ఆయనా ఇన్నాళ్ళు దాచారు.

నాలుగు నెలలు పట్టింది. తామర పోయింది, నలుపు తగ్గుతోంది. స్టెరాయిడ్ వల్ల పడ్డ ఎర్రటి చారలు తెల్లబడ్డాయి కానీ అవి జీవితాంతం ఉంటాయని డాక్టరు ముందే చెప్పారు.

నిన్న అమ్మ ఫోను చేసింది. ఎదురింటి పిన్నిగారికి కూడా నడుము దగ్గర ఉందట, ఏ ట్యూబు రాశావని గుసగుసగా అడిగిందట. అమ్మ ట్యూబు పేరు చెప్పలేదు, తన నడుము మీది చారలు చూపించింది. శనివారం ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళుతున్నారు.