పొట్టు కిందికే రాలాలి

మా ఆఫీసులో ఈ మధ్య ఒక గుసగుస పుట్టింది. పని చేసేది ఒకరు, పేరు పొందేది ఇంకొకరు అట. గుసగుస మెల్లగా నడిచి నా గది తలుపు దాకా వచ్చింది. పదకొండేళ్లుగా ఒక విభాగానికి పెద్దగా ఉన్నవాణ్ని, ఊరుకుంటే బాగుండదు. కోపగించుకోవడం నా స్వభావం కాదు కనుక చరిత్ర పుస్తకాలు తిరగేశాను. జవాబు రంపంలో దొరికింది.

చిన్నప్పుడు మా వీధి చివర ఒక కలప అడితి ఉండేది. టేకు దుంగను ఎత్తైన గుంజల మీదికి ఎక్కించి, మసిలో తడిపిన దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బిగలాగి, నడుమ వేళ్లతో ఎత్తి విడిచేవారు. ఫట్‌మని నల్లటి గీత పడేది. అడుగున కూడా అలాంటిదే ఒకటి. తర్వాత దుంగ మీద ఒకాయన, దుంగ కింద ఒక కుర్రవాడు, నడుమ నిలువుగా మనిషి పొడుగు రంపం. దాని పళ్లు కిందికి చూస్తుంటాయి కాబట్టి కోత పడేది కిందికి లాగినప్పుడే. అంటే, పైకి చెప్పకూడదు గానీ, కోసేవాడు కిందివాడే. పొట్టు రాలేది కూడా వాడి మీదే. తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లు చికిలించి, కనుబొమల మీద ఎర్రటి పొట్టు పేరుకుని ఉండేవాడు.

ఒకసారి ఆ కుర్రవాడు లాగడం ఆపి, "గీత తప్పుతున్నట్టుంది బాబాయ్" అన్నాడు.

"గీత సంగతి నేను చూస్తాను, నువ్వు లాగరా" అన్నాడు పైనున్న ఆయన.

పరిపాలన శాస్త్రం మీద ఇంతకంటే క్లుప్తమైన గ్రంథం నేను ఇంతవరకు చదవలేదు.

ఇంగ్లండులో ఈ ఏర్పాటును ఇంకా పద్ధతిగా నడిపారు. భూమిలో గొయ్యి తవ్వి, దుంగను దాని మీద పడుకోబెట్టి, ఒకణ్ని గోతిలోకి దింపేవారు. పైన నిలబడ్డవాడు ‘టాప్ సాయర్’. పోను పోను ఆ మాటకు గొప్పవాడు, పెద్దమనిషి అనే అర్థం కూడా స్థిరపడింది. గోతిలో ఉన్నవాడి పేరుకు మాత్రం నిఘంటువులో ఏ పదోన్నతీ రాలేదు. న్యాయం చెప్పుకోవాలంటే పైవాడికీ పని ఉంది. అంత బరువైన రంపాన్ని ప్రతిసారీ పైకెత్తాలి, గీత మీద నడపాలి, పళ్లు మొద్దుబారితే ఆకురాయి పట్టాలి. ఈ మాటలను మా విభాగం వాళ్లు రెండుసార్లు చదివితే నాకు అభ్యంతరం లేదు.

పైనా కిందా అనే తేడా తెలియని నాగరికతలు కూడా ఉండేవి. ఈజిప్టు వడ్రంగి చేతిలో ఉన్నది రాగి రంపం, ఆ తర్వాత కంచుది. మెత్తటి లోహం కనుక తోస్తే వంగిపోతుంది. అందుకని తన వైపు లాక్కుంటే తెగేలా పళ్లు పెట్టుకుని, కొయ్యను గుంజకు నిలువుగా కట్టి, ఒక్కడే నిలబడి కోసుకునేవాడు. దాదాపు 3,400 ఏళ్ల కిందటి రెఖ్మిరే సమాధి గోడ మీద ఆ దృశ్యం ఇప్పటికీ ఉంది. రెఖ్మిరే వడ్రంగి కాదు, ఫరో దగ్గర ప్రధానమంత్రి. రంపం పట్టినవాడు గోడ మీద బొమ్మగా మిగిలాడు, గోడ మాత్రం మంత్రిగారిది. గొయ్యి లేకపోయినా వ్యవస్థ ఉండేదని దీన్నిబట్టి మనం ఊరట పొందవచ్చు.

ఇనుము వచ్చాక రంపానికి బలం వచ్చింది, దానితో పాటు రాజకీయమూ వచ్చింది. పళ్లన్నీ వరుసగా నిటారుగా ఉంటే పొట్టు ఇరుక్కుని, రంపం కొయ్యలో బిగుసుకుపోతుంది. అందుకని ఒక పన్నును కుడికి, దాని పక్కదాన్ని ఎడమకు కొద్దికొద్దిగా వంచుతారు. కోత రేకు మందం కంటే వెడల్పుగా పడుతుంది, రంపం సాఫీగా ఆడుతుంది. ఈ కిటుకును 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. పక్కపక్కన కూర్చుని చెరో దిక్కూ చూసేవాళ్లతో సంకీర్ణ ప్రభుత్వాలు ఎలా నడుస్తాయో అర్థం కానివారు ఒక రంపాన్ని ఎండలో పట్టుకుని చూడవచ్చు.

ఇక అసలు కేసు. ఇదే ప్లినీ, రంపాన్ని కనిపెట్టినవాడు గ్రీకు మహాశిల్పి డీడలస్ అని రాశాడు. గొడ్డలి, బరమా, చివరికి జిగురు కూడా ఆయన ఖాతాలోనే వేశాడు. కానీ రోమన్ కవి ఓవిడ్ చెప్పే కథ వేరు. డీడలస్ దగ్గర పని నేర్చుకోమని ఆయన చెల్లెలు తన పన్నెండేళ్ల కొడుకును పంపింది. ఆ పిల్లవాడు చేప వెన్నుముల్లును చూసి, ఇనుప రేకుకు అలాంటి పళ్లే కోసి రంపం చేశాడు. వృత్తం గీసే కంపాసు కూడా వాడిదే. మేనమామ చూశాడు, సంతోషించాడో లేదో తెలియదు గానీ, పిల్లవాణ్ని ఏథెన్స్ కోట మీది నుంచి కిందికి తోసేశాడు. కాలు జారి పడ్డాడని నలుగురికీ చెప్పాడు. ఎథీనా దేవత గాలిలోనే వాణ్ని పట్టుకుని కౌజుపిట్టగా మార్చింది. అందుకే ఆ పిట్ట ఇప్పటికీ ఎత్తుకు ఎగరదట, చెట్ల మీద గూడు కట్టదట.

ఈ కథను చాలామంది క్రూరత్వానికి ఉదాహరణగా చెబుతారు. విభాగాధిపతుల కోణం నుంచి ఎవరూ చూడరు. శిక్షణలో ఉన్నవాడు ముసాయిదాను పై అధికారి ద్వారా పంపకుండా నేరుగా ప్రపంచానికి చూపించేస్తే క్రమశిక్షణ ఏమవుతుంది? తోయడం తొందరపాటే, ఒప్పుకుంటాను. బదిలీ చేస్తే సరిపోయేది.

చైనావాళ్లు ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నారు. వాళ్ల వడ్రంగుల ఆదిగురువు లూ బాన్. కొండెక్కుతుంటే గరిక లాంటి గడ్డి చేతిని కోసిందట, అంచున చూస్తే సన్నటి పళ్లు, అలా రంపం పుట్టిందట. గడ్డి పరకకు వాటా అడిగే నోరు లేదు. మసిదారం రెండో కొసను మొదట ఆయన తల్లి పట్టుకునేది. తర్వాత ఒక కొక్కెం తగిలించి ఆమెకు సెలవిచ్చారు. చిత్రిక పట్టేటప్పుడు కొయ్య జారకుండా భార్య పట్టుకునేది. ఆమె స్థానంలో ఒక కొయ్యముక్క వచ్చింది. ఆ కొక్కేనికి ‘బాన్ తల్లి’ అని, కొయ్యముక్కకు ‘బాన్ భార్య’ అని పేర్లు. ఉద్యోగం పోయినా పేరు నిలిచింది, ఇంకేం కావాలి?

యంత్రాలు వచ్చాక అయినా గోతిలోవాడికి సుఖం దక్కిందా అంటే, వాడే వద్దన్నాడు. 1768లో లండన్ శివారు లైమ్‌హౌస్‌లో గాలిమరతో నడిచే కోత మిల్లు మీదికి రంపపు పనివాళ్లు గుంపుగా వచ్చి పడి ధ్వంసం చేశారు. వాళ్లలో పైవాళ్లెందరో కిందివాళ్లెందరో ఎవరూ లెక్క రాయలేదు. ఆ రెండు జాతులూ ఒకే వైపు లాగిన రోజు బహుశా అదొక్కటే.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం అమెరికాలోని షేకర్లు అనే క్రైస్తవ శాఖవారి కథ. 1813 ప్రాంతంలో టాబితా బాబిట్ అనే ఆమె ఇద్దరు మగవాళ్లు రంపంతో కోస్తుంటే చూసిందట. రంపం ఒక దిశలోనే కోస్తోంది, రెండో దిశలో ఊరికే వెనక్కి వెళుతోంది, సగం శ్రమ దండగ అనుకుని గుండ్రటి రంపం తయారు చేసిందట. పేటెంటు తీసుకోలేదు. 1777లోనే ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ పేటెంటులో గుండ్రటి రంపం మాట ఉంది కాబట్టి చరిత్రకారులు ఈ కథను అంతగా నమ్మరు. నేను అసలే నమ్మను. ఎందుకంటే గోతి మీద కోతలో వృథాగా పోయే ఆ సగం పైవాడిది.

చివరగా ఒక్క వివరం. పాతకాలపు అమెరికన్ చేతిరంపాల రేకు మీద, పళ్లున్న అంచున కాదు, పై అంచున చిట్టచివర, చిన్న ముల్లు లాంటి బొడిపె ఒకటి ఉండేది. అదెందుకని తరతరాల వడ్రంగులు వాదించుకున్నారు. ఫిలడెల్ఫియాలో 1840 నుంచి రంపాలు చేసిన డిస్టన్ కంపెనీవాళ్లు, దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు, కేవలం అలంకారం అని తమ పుస్తకంలోనే తేల్చేశారు. పదవీ విరమణ తర్వాత సలహాదారుగా నేను ఆశిస్తున్న స్థానం సరిగ్గా అదే.

ఈ వ్యాసానికి కావలసిన వివరాలన్నీ వెతికి, మొదటి ప్రతి రాసి పెట్టినవాడు మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రవాడు. పేరు వేద్దామనే అనుకున్నాను, స్థలం చాలలేదు. చురుకైనవాడు, మంచి భవిష్యత్తు ఉంది. డీడలస్ పేరా టైపు చేసిన రోజు నుంచి మాత్రం కిటికీ పక్క కుర్చీ వదిలేసి తలుపు దగ్గర కూర్చుంటున్నాడు. మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది.