హాని లేదంటే మేలున్నట్టేనా?

2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఇచ్చే నాటుమందు కోసం జనం బారులు తీరారు. 21న పంపిణీ ఆగింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదిక చూశాక 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్ని మందులకు అనుమతిచ్చింది. హాని కనిపించలేదన్నది ఆ నివేదిక సారం. మేలెంత అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

నాటుమందును మాత్రమే నిలదీస్తే అన్యాయం. వైరస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్‌గా పేరుపడ్డ రెమ్‌డెసివిర్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించింది. అయినా రెండో వేవ్‌లో చీటీలు పట్టుకుని ఆ ఇంజెక్షన్ కోసం తిరగని ఊరు లేదు. చవకైన స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్ మాత్రం వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను మూడో వంతు తగ్గించినట్టు 2020 జూన్‌లోనే తేలింది. ఆక్సిజన్ అక్కర్లేని రోగికి అదే మందుతో మేలేమీ కనిపించలేదు.

ఏది, ఎవరికి, దేనితో పోలిస్తే, ఎంత ఖర్చుకు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికేదే ఆరోగ్య సాంకేతికతల మదింపు. దీనికోసం కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017 నుంచి ఒక వ్యవస్థ ఉంది. మామూలుగా నెలలు పట్టే పని ఇది. అత్యవసరంలో మాత్రం రెండు మూడు రోజుల్లో ముతక లెక్కయినా కట్టాలి.

అదే నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతపు ఆసుపత్రికి ఆక్సిజన్ ఎలా అందించాలో చూడండి. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ నిమిషానికి 5 లీటర్ల చొప్పున 23 గంటలు వస్తుంది. ముక్కు ద్వారా ఆక్సిజన్‌ను ఎక్కువ వేగంతో పంపే హై ఫ్లో యంత్రానికి తగిలించి నిమిషానికి 50 లీటర్లు లాగితే రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఖాళీ. నింపుకురావాలంటే లారీ మళ్లీ కింది పట్టణానికి వెళ్లాలి. అక్కడ హై ఫ్లో కొనడం దండగ.

గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సంట్రేటర్‌కు లారీ అక్కర్లేదు, కరెంటు కావాలి. ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే, లోపలి జల్లెడ పదార్థం తేమకు పాడైతే ఆక్సిజన్ శాతం పడిపోతుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో చూపే ఫ్లోమీటర్‌లో గుండు మాత్రం 5 దగ్గరే నిలబడి ఉంటుంది, నర్సుకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి స్టెబిలైజర్, ఇన్వర్టర్, ఆక్సిజన్ శాతం చూసే మీటరు, విడి ఫిల్టర్లు, రాత్రి షిఫ్టు మనిషి కలిస్తేనే దాని అసలు ధర. టెండర్లో కనిపించేది యంత్రం ధర ఒక్కటే.

‘ప్రాణాలు పోతుంటే లెక్కలా?’ అంటారు. లెక్క కోసం కొనుగోలు ఆపనక్కర్లేదు. మొదటి విడత తక్కువగా తెప్పించి, ఏ యంత్రం ఎన్ని గంటలు నడిచింది, ఎంతమంది కోలుకున్నారు, ఎంతమందిని నెల్లూరుకు పంపాల్సి వచ్చిందన్నది పది రోజులు రిజిస్టర్‌లో రాయిస్తే చాలు. ఆ రిజిస్టర్ లేకుండా వచ్చిన రెండో ఇండెంట్ (కొనుగోలు కోరే పత్రం) మీద సంతకం పెట్టకూడదు.